జీతబత్తెములతో తీరని ఋణము

యజమానుడను మాట మనకు యజ్ఞశాలనుండి వచ్చినది. యజ్ఞమున హోమము నడపువారు ఋత్విక్కులు. మంత్రము చెప్పువారును వారే, పొగలో కన్నులెర్రజేసికొని కూర్చుండువారును వారే. వారిచేత పని జరిపించుకొని, దక్షిణ నిచ్చి వారిని సంతుష్టులను జేయువాడు యజమానుడు. దక్షిణలేని యజ్ఞము తామసమని భగవద్గీత పదునేడవ యధ్యాయము నిర్ణయించినది. మన పూర్వుల భావములో యజమానుని ముఖ్యలక్షణము ఇచ్చుట. ఆజ్ఞాపించుట తరువాతి మాట. నేడు మన సీమలో ఈ బిరుదము వరిపొలము గలవానికి, చేపలచెరువు గలవానికి, బియ్యపుమిల్లు గలవానికి, బట్టలకొట్టు గలవానికి, కార్యాలయములో పదిమందిపై పెత్తనము గలవానికి చెల్లుచున్నది. వీరిలో ఆ మాటకు తగినవారెందరని విచారించుట నేటి మా యుద్దేశము. ఈ పుటను చదువువారిలో పలువురు యజమానులే గనుక మా విచారణ కొంత కటువుగా తోచవచ్చును. తోచినను తుదివరకు చదువుదురని ప్రార్థించుచున్నాము.

గడచిన పుష్యమాసమున మేము కైకలూరు ప్రాంతమున కొల్లేటి చెరువుగట్లపై రెండు దినములు తిరిగితిమి. మొదటిదినము ఒక చెరువున తెల్లవారుజామునకు ముందే పట్టుబడి మొదలయ్యెను. వలకూలీలు మెడలోతు నీటిలో దిగి చెరువు ఈ కొననుండి ఆ కొనకు వల లాగుచుండిరి. మంచు దట్టముగా కురియుచుండెను. చెరువు గలవారి పక్షమున వచ్చిన గుమాస్తా కారు అద్దములు మూసికొని లోపల కూర్చుండెను. ఐసు రావలసిన లారీ ఆలస్యమయ్యెను; కూలీలు తడిబట్టలతో గట్టుపై ముడుచుకొని నిలిచిరి. వారిలో అరువదేండ్లకు తక్కువకాని వృద్ధుడొకడు కొంచెము తేనీరు దొరకునాయని యడిగెను. "ముందు తూకం కానీరా, ఆనక చూద్దాం" అని యుత్తరము వచ్చెను. ఆ యుత్తరము చెప్పినవానికి ముప్పదియేండ్లు మించవు.

మరునాటి చెరువు అక్కడికి రెండు మైళ్ల దూరముననే యున్నది. చెరువు గలాయన తానే గట్టున నిలిచియుండెను. పక్కనే కర్రలమంట, దానిపై తేనీటిబిందె. దిగుటకు ముందు ఒకసారి, ఎక్కిన తరువాత ఒకసారి అందరికిని తేనీరు. నీటిలో దిగువారిని ఆయన పేరుపేరున పలుకరించి లెక్క పెట్టుకొనెను. వల ముడిచిన తరువాత అందరును గట్టెక్కిరో లేదో మరల లెక్క చూచుకొనెను. ఆ దినము చేప అనుకొన్నంత పడలేదు. బొచ్చె బరువు తక్కువ, శీలావతి లెక్క తక్కువ. అయినను కూలీలపై ఒక్క పరుషవాక్యము వెడలలేదు.

మేము విచారింపగా రెండు చెరువులలోను కూలి ఒక్కటేనని తెలిసెను. అట్లయిన భేదమేమని జట్టుమేస్త్రీ నడిగితిమి. అతడు వల దులుపుకొనుచు చెప్పిన మాట మాకింకను చెవులలో నున్నది: "ఆ చెరువోళ్లు కబురెడితే ముందు కూలి మాటాడుకుని ఎల్తామండి. ఈ చెరువోళ్లు కబురెడితే వల సర్దుకుని ఎల్లిపోతామండి." నాయకత్వమును గూర్చి గొప్ప విద్యాలయములలో చెప్పు పాఠములకన్న ఈ రెండు వాక్యములలో సారమెక్కువ యున్నదని మా విశ్వాసము. మొదటి చెరువు గలవాడు కూలీలనుండి పనిని కొనుచున్నాడు; డబ్బు ఎంతయో పని యంతియే. రెండవ యాయనకు డబ్బుతో కొనరాని దొకటి కూలీలు తమంతట తామే యిచ్చుచున్నారు.

కొల్లేటి యజమానులకు ఈ విషయమున సాధారణ ధర్మముకన్న అధికమైన బాధ్యత కలదు. అది చరిత్ర మోపిన బాధ్యత. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ, బుడమేరు తమ్మిలేరు మొదలగు ఏరుల నీటిని త్రాగి, ఉప్పుటేరు మార్గమున సముద్రమునకు విడుచు ఈ సరస్సు తరతరములుగా లంకగ్రామముల జాలరులకు అన్నము పెట్టినది. 1976 ప్రాంతమున ప్రభుత్వము వారిచే సహకార సంఘములు కట్టించి చేపలచెరువులు త్రవ్వించినది. ఉద్దేశము మంచిదే. కాని చెరువు త్రవ్వినంత సులభముగా పెట్టుబడి పుట్టదు. తవుడునకు డబ్బు కావలయును, చెక్కకు డబ్బు కావలయును, పిల్లచేపకు డబ్బు కావలయును. పెట్టుబడి గలవారు బయటనుండి వచ్చి లీజులు వ్రాయించుకొనిరి. సంఘపు సభ్యుడు తన చెరువుగట్టుననే కాపలాదారుడయ్యెను. తన సరస్సులోనే కూలికి వల లాగువాడయ్యెను. 1999 లో అభయారణ్యముగా ప్రకటితమై, 2002 లో రాంసార్ పట్టికకెక్కిన సరస్సులో చెరువులు మితిమీరుటచే, న్యాయస్థానపు ఆదేశముల ననుసరించి 2006 లో ఐదవ కాంటూరు లోపలి గట్లను ప్రభుత్వము కొట్టించినది. ఆ దినములలో గట్టు పోయినవాని నష్టమును గూర్చి పత్రికలు విశేషముగా వ్రాసినవి. గట్టుపై గుడిసె పోయినవాని గూర్చి వ్రాసినది స్వల్పము. ఆటపాకలో గూడబాతుల కొరకు చెట్లును, ఇనుప మంచెలును ఏర్పరచి కాపాడుట మెచ్చదగినదే. పక్షి గూటికి దొరకిన యాదరము కాపలాదారుని గుడిసెకు దొరకలేదనుట మాత్రము మన కవమానకరము.

ఇక మాగాణి గ్రామములకు వత్తము. 1847 లో మొదలై 1852 లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట పశ్చిమగోదావరి నేలకు రెండు పంటల నిచ్చినది. కాటన్ దొర బొమ్మకు పూలదండలు వేయుచున్నాము, వేయవలసినదే. కాని ఆ కాలువల మట్టి తట్టలతో మోసినవారి పేర్లు ఎవరికిని తెలియవు. వారి సంతతివారే తరువాత ఆ కాలువల క్రింద పాలేళ్లయిరి. పాలేరు వ్యవస్థను గూర్చి మన పెద్దలు ముచ్చటగా చెప్పుకొందురు: "మా పాలేరు మా ఇంటివాడే, సంక్రాంతికి కొత్తబట్టలు పెట్టితిమి, కూతురు పెండ్లికి ధాన్యము కొలిచితిమి" అని. ఇది అబద్ధము కాదు. ఇందులో ఆర్ద్రత కలదు. కాని ఆ కొలిచిన ధాన్యము అప్పుగా వ్రాయబడిన సంగతియు, ఆ యప్పు తీరువరకు తండ్రికి బదులు కొడుకు వచ్చి పశువులకొట్టము ఊడ్చిన సంగతియు ఆ ముచ్చటలో రావు. 1976 లో వెట్టిచాకిరి నిర్మూలన శాసనము రావలసివచ్చినదనగా, మనము ప్రేమ యనుకొన్నదానిలో కొంత సంకెల యుండెనని దేశమే తీర్పు చెప్పినట్లు.

కావున ప్రేమ యనగా నేమో ముందు తేల్చుకొనవలయును. పని చేయించుకొనువాని ప్రేమకు మొదటి పరీక్ష భాషలో నున్నది. మన గ్రామములలో పదియేండ్ల కామందు కొడుకు అరువదియేండ్ల పాలేరును "ఒరేయ్" అని పిలుచుటను మేము బాల్యమున వినియున్నాము; మేమును పిలిచితిమి. సిగ్గుతో ఒప్పుకొనుచున్నాము. ఆ ముసలివాడు మమ్ము భుజముపై నెత్తుకొని కాలువ దాటించి, "బాబుగారూ, కాలు జారుద్ది, గట్టిగా పట్టుకోండి" అని మమ్ము గారు పెట్టి పిలిచెడివాడు. సంస్కృతము నేర్చితిమి, ఇంగ్లీషు నేర్చితిమి. ఆ పిలుపులోని అన్యాయము మాకు తోచుటకు ఇరువదియేండ్లు పట్టెను. నేడు పాలేరు పోయి కూలి వచ్చెను, కౌలుదారు వచ్చెను, కామందు హైదరాబాదులో నుండి దూరవాణిలో మాటాడు కాలము వచ్చెను. ఆ "ఒరేయ్" మాత్రము పోలేదు. మిల్లులో హమాలీని, చెరువున కాపలాదారును, కార్యాలయములో బంట్రోతును అది వెంటాడుచునే యున్నది. అన్నివిధముల దాతృత్వము చేయుచు ఆ పిలుపును విడువనివాడు ఒక చేత పెట్టుచు రెండవ చేత లాగుకొనుచున్నాడు.

రెండవ పరీక్ష కాలములో నున్నది. అయోధ్యాకాండమున చిత్రకూటమునకు వచ్చిన భరతుని శ్రీరాముడు రాజ్యక్షేమ మడుగుచు, సైన్యమునకు జీతబత్తెములు తగినట్లు కాలము తప్పక ముట్టుచున్నవాయని ప్రశ్నించును. ఆలస్యమైనచో సేవకులు ప్రభువుపై కోపింతురనియు, దానివలన మహానర్థము పుట్టుననియు హెచ్చరించును. సభాపర్వమున నారదుడు ధర్మరాజు నదే యడుగును. తండ్రిని పోగొట్టుకొన్న తమ్ముడు కన్నీటితో నిలిచియుండగా రామునికి కూలివాని జీతము జ్ఞాపకము వచ్చెననగా ఆ ప్రశ్న యెంతటి గురుత్వము గలదో ఊహింపుడు. మాటల పుట్టుకయు ఇదే చెప్పుచున్నది. జీతమనగా జీవితము, బత్తెమనగా భక్తము, అన్నము. జీతమును పది దినములు ఆపినవాడు పదిదినముల జీవితము నాపినాడు. బత్తెము నాపినవాడు విస్తరిముందు కూర్చున్నవాని చేయి పట్టుకొన్నాడు. శనివారము సాయంకాలము కూలి యియ్యవలసినవాడు "సోమవారము రమ్ము" అన్నచో ఆదివారమునాడు ఆ ఇంట పొయ్యి వెలిగెనో లేదో తెలిసికొనెనా? తరువాత దసరాకు మామూలిచ్చి దయామయు డనిపించుకొనుట సులభమే.

మూడవ పరీక్ష ప్రాణభయములో నున్నది. 2022 ఏప్రిల్ నెలలో, ఏలూరు జిల్లా ఏర్పడిన పదిదినములకే, ముసునూరు మండలము అక్కిరెడ్డిగూడెములోని రసాయన కర్మాగారమున రాత్రివేళ మంటలు లేచి ఆరుగురు పనివారు మరణించిరి. వారిలో నలుగురు బీహారునుండి బ్రతుకుదెరువునకు వచ్చినవారు. అటువంటి సమయములలో పరిహారములు ప్రకటింపబడును, పరామర్శలు జరుగును, కన్నీరు కార్చబడును. మేము వానిని తక్కువ చేయము. కాని కరుణకు సరియైన వేళ మంటలకు తరువాత గాదు, ముందు. కవాటము సరిగా మూసికొనుచున్నదాయని చూచుట కరుణ. బయటికి పోవు ద్వారమున సరకు పేర్చకుండుట కరుణ. హెచ్చరికలు పనివాని భాషలో వ్రాయించుట కరుణ; తెలుగురాని బీహారువానికి తెలుగులో వ్రాసిన పలక గోడపై గీసిన ముగ్గుతో సమానము. "అయ్యా, ఈ గొట్టము వేడెక్కుచున్నది" అని చెప్పిన పనివానిని "నీకెందుకు, నీ పని చూచుకో" అని కసరకుండుట అన్నిటికన్న గొప్ప కరుణ. ఏలయన, కసరు తిన్నవాడు రెండవసారి చెప్పడు. చెప్పనిచోట ప్రమాదము వచ్చి తీరును. ప్రేమ గల యజమానికి వార్త ముందు చేరును. భయపెట్టు యజమానికి పొగ కనబడిన తరువాత చేరును.

ఇచ్చట మా మిత్రులు కొందరు అడ్డు తగులుదురని యెరుగుదుము. "చనువిచ్చిన చంకనెక్కుదురు. మెత్తనివానిని చూచిన మొత్తబుద్ధి యగును. మీరు పత్రికలో వ్రాయుదురు, మేము నాట్లు వేయింపవలయును, ధాన్యము వాన పడకముందు మిల్లు చేర్పవలయును" అందురు. ఈ వాదమునకు సమాధానము చెప్పవలసియే యున్నది.

మొదటిమాట: మేము మెత్తదనమును కోరుటలేదు. సోమరిని సోమరి యనుటయు, దొంగతూకము తూచినవానిని పనినుండి తొలగించుటయు ప్రేమకు విరుద్ధములు గావు. కొడుకును ప్రేమించు తండ్రి దండించును. కాని పదిమందిలో పరువు తీయడు. కష్టపడి పనిచేయువాని కళ్లముందు ఎగవేయువానిని ఉపేక్షించుటయే కష్టపడువానికి చేయు ద్రోహము.

రెండవమాట: లోకానుభవమును చూడుడు. స్కాట్లండులో న్యూలానార్కు నూలుమిల్లుల నిర్వహణమును 1800 లో చేపట్టిన రాబర్ట్ ఓవెనును పనివారు మొదట నమ్మలేదు. ఈతడును పైనుండి వచ్చిన మరియొక దొరయే యనుకొనిరి. 1806 లో అమెరికా పత్తి రాకడ నిలిచి నాలుగుమాసములు మిల్లులు మూతపడినవి. ఓవెను ఒక్కనిని తొలగింపక, యంత్రములను శుభ్రముగా నుంచుడని చెప్పి, అందరికిని పూర్తి జీత మిచ్చెను. నాటినుండి పనివారి మనస్సు ఆయనదయ్యెను. మిల్లులు లాభములతోనే నడచినవి. మన దేశమున జంషెడ్‌పురపు ఉక్కు కర్మాగారమున 1912 లోనే ఎనిమిది గంటల పనిదినము నెలకొల్పిరి. 1915 లో ఉచిత వైద్యము, 1920 లో జీతముతో సెలవు. దేశమంతటికిని ఎనిమిది గంటల నియమము శాసనముగా వచ్చుటకు మరి మూడు దశాబ్దములు దాటవలసివచ్చినది. ఆ కర్మాగారము చంకనెక్కబడి కూలిపోలేదు. నూరేండ్లు దాటి నిలిచియున్నది.

మూడవమాట అహమ్మదాబాదునుండి. 1918 లో అక్కడి మిల్లుపనివారికి ప్లేగు కాలపు అధికవేతనమును యజమానులు తీసివేయగా, మహాత్ముడు లెక్కలు చూచి నూటికి ముప్పదియైదు పెంపు న్యాయమని నిర్ణయించెను. యజమానులలో ముఖ్యుడు అంబాలాల్ సారాభాయి. పనివారి పక్షమున నిలిచినది ఆయన సోదరి అనసూయాబేను. ఒకే తల్లికడుపున పుట్టినవారు ఎదురెదురు పక్షములలో నుండి పోరాడిరి. బంధుత్వము మాత్రము త్రెంచుకొనలేదు. సాబర్మతీ తీరమున చెట్టుక్రింద ప్రతిదినమును సభ. హింస కూడదు, దూషణ కూడదు, భిక్ష కూడదని ప్రతిజ్ఞ. ఉత్సాహము సన్నగిల్లినపుడు గాంధీమహాత్ముడు ఉపవాసము పట్టెను. మూడుదినములలో రాజీ కుదిరెను. మధ్యవర్తి తుదకు ముప్పదియైదే యిప్పించెను. మనము గమనింపదగిన విశేషమొకటి కలదు. తన యుపవాసము మిత్రులైన యజమానులపై ఒత్తిడి తెచ్చినది గనుక అది దోషరహితము కాదని మహాత్ముడు తన యాత్మకథలో ఒప్పుకొనెను. గెలిచిన పోరాటములో ఎదిరిపక్షమునకు తాను చేసిన యన్యాయ మేదియో వెదకికొనుట! ప్రేమతో నాయకత్వము వహించుట యనగా ఇంతటి కఠినమైన పని. 1920 లో అక్కడ స్థాపితమైన మజూర్ మహాజనము పనివారికిని యజమానులకును తగవు వచ్చినపుడు మధ్యవర్తిత్వమే మార్గమని నేర్పినది.

ఇక రెండవవైపునుండి వచ్చు ఆక్షేపణము. పనివారి పక్షమున మాటాడు యువకులు మమ్ము చూచి నవ్వుదురు: "దయ యెవరికి కావలయును? హక్కు కావలయును. యజమాని కరుణపై బ్రతుకువాడు ఆ కరుణ ఎండినచో ఏమి కావలె?" వారి మాటలో సత్యమున్నది. పాలేరు కథయే అందులకు సాక్షి. 1948 నాటి కనీస వేతన శాసనము, 1976 నాటి వెట్టి నిర్మూలన శాసనము ఏ కామందు హృదయము కరగుటవలనను పుట్టలేదు. పోరాడిన వారి వలన పుట్టినవి. శాసనమునకు బదులుగా దయను చూపుట కపటము. కనీస కూలికి తక్కువ యిచ్చుచు పండుగకు పులిహోర పెట్టువానిని మేము దయాళువని పిలువము.

కాని శాసనము నేలవంటిది. దానిపై ఇల్లు కట్టవలసినది మనుష్యులు. అంతేకాదు, ఆ నేల మట్టము రాజ్యాంగకర్తల మనస్సు ననుసరించి హెచ్చుతగ్గులగుచుండును. 2025 లో మన రాష్ట్రమున దినమునకు తొమ్మిదిగంటల పని పరిమితిని పదిగంటలకు పెంచిరి. వారమునకు 48 గంటల హద్దు నుంచిరి. అదే సంవత్సరము నవంబరులో కేంద్రపు నాలుగు కార్మిక సంహితలు అమలులోనికి వచ్చినవి. వీనివలన పరిశ్రమలు వచ్చునని యొకరు, పనివాని నడుము విరుగునని యొకరు వాదించుచున్నారు. ఆ వాదమునకు వేరొకనాడు వత్తము. నేటికి మా ప్రశ్న ఇది: శాసనము పదిగంటలు అనుమతించినది గనుక ప్రతి యజమానియు పదిగంటలు చేయించి తీరవలయునా? అనుమతి ఆజ్ఞ కాదు. చంటిబిడ్డను ఇంట విడిచివచ్చిన తల్లిని పదవగంట ఆపవలయునా వలదాయని నిర్ణయించుచోట శాసనము మౌనము వహించును. అక్కడ మాటాడవలసినది యజమాని యంతఃకరణము.

పట్టణవాసులకు ఈ ధర్మము పొలమువారిదనియు, చెరువువారిదనియు తోచకుండుగాక. ఏలూరిలోనేమి, తాడేపల్లిగూడెములోనేమి, పెద్ద బట్టలకొట్టులోనికి పోయి చూడుడు. ఉదయమునుండి రాత్రివరకు నిలువుకాళ్లపై నిలిచి చీరలు మడత విప్పి చూపు ఆడుబిడ్డలకు కూర్చొనుటకు పీట యుండదు. బేరము లేనివేళ గోడ కానుకొన్నను మందలింపు. ఈ యాపదను తొలగించుటకు కేరళము 2018 లోను, తమిళనాడు 2021 లోను కూర్చొను హక్కును శాసనము చేయవలసివచ్చినవి. పది పీటలు వేయుటకు ఒక శాసనసభ కూర్చొనవలసివచ్చెనా! మనవారు శాసనము కొరకు వేచియుండనేల? రేపు ఉదయము ఏలూరి వర్తకులొక పదిమంది పది పీటలు వేయించినచో, ఆ వార్తను ఈ పుటలోనే సంతోషముతో ప్రకటింతుము.

తాడేపల్లిగూడెమున 2015 లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ నెలకొన్నది. దేశము నలుమూలలనుండి వచ్చిన మేధావులైన యువకులు అక్కడ చదువుచున్నారు. రేపు వారు కర్మాగారములలోను కార్యాలయములలోను నాయకులగుదురు. వారికి యంత్రశాస్త్రము చక్కగా నేర్పుచున్నారు. ఆ పట్టణముననే బియ్యపుమిల్లులలో బస్తాలు మోయు హమాలీ మెడపై కాయ కాచిన సంగతి వారెరుగుదురా? ప్రతి విద్యార్థియు ఒక్కవారము మిల్లులో ధాన్యపుబస్తా ఎత్తుచోట నిలిచి, అక్కడి మనుష్యులతో కలిసి భుజించి, వారి లెక్క వారికెట్లు ముట్టుచున్నదో చూచివచ్చినచో, ఆ వారము వానికి జీవితాంతము పనికివచ్చును. నాయకుడు కాదలచినవాడు ముందుగా తాను నడపబోవు పని బరువు ఎంతయో మెడతో తెలిసికొనవలయును.

2020 మార్చి 25 నుండి దేశమంతయు మూతపడిన దినములను మన మప్పుడే మరచితిమి. ఏలూరు మీదుగా పోవు జాతీయ రహదారిపై ఒడిస్సావైపు, బెంగాలువైపు, బీహారువైపు మూటలు నెత్తిన బెట్టుకొని కుటుంబములు నడచిపోవుచుండగా ఆ దారి పొడవునను గల గ్రామములవారు అన్నము వండి పెట్టిరి, మజ్జిగ పోసిరి. ఎవరో తెలియని బాటసారికి అన్నము పెట్టు ఆ చేయి మన సీమదే. ఆ చేతిని మేము గర్వముతో తలచుకొందుము. కాని ఆ బాటసారి యెవరో కాదు. ఎవరికో మొన్నటివరకు పని చేసినవాడు. అతని యజమాని యొక నెల బియ్యము కొలిచి, "ఇక్కడనే యుండుము, ఉన్నదానిలో కలిసి తిందము" అన్నచో అతడు రోడ్డెక్కియుండడు. ఆ మాట అన్న యజమానులును ఉండిరి. లారీలు మరల తిరుగనారంభించిన దినమున కూలీలకై దేశముమీద వెదకవలసిన యవసరము వారికి కలుగలేదు.

కావున మా విన్నపము పెద్దది గాదు. వచ్చు కూలిదినమునకు ముందు ప్రతి యజమానియు ఒక కాగితము తీసికొని తనక్రింద పనిచేయువారి పేర్లను తానే వ్రాయుగాక. గుమాస్తా నడుగకుండ ఎన్ని పేర్లు వ్రాయగలిగెనో చూచుకొనుగాక. పేరుప్రక్కన ఊరు, ఊరుప్రక్కన ఇంట ఎందరో వ్రాయుగాక. చాలమందికి మూడవపేరు వద్దనే కలము నిలిచిపోవునని మా యనుమానము. మా కార్యాలయములో మేమే ప్రయత్నింపగా ముద్రణయంత్రము వద్ద రాత్రి పనిచేయువారిలో ఇద్దరి పేర్లు మాకు తెలియలేదు. ఆ రాత్రియే పోయి కనుగొంటిమి. వారిలో నొకడు ఏడేండ్లుగా మా వ్రాతలను అచ్చువేయుచున్నాడట, చదువుచునున్నాడట. తప్పులు కూడ రెండు చెప్పినాడు.

ఏలూరునకు ఒక విశేష మున్నది. గోదావరినుండి వచ్చిన కాలువయు, కృష్ణనుండి వచ్చిన కాలువయు ఈ యూర కలిసికొనును. ఏ నీరు ఏ నదిదో ఆ పైన వేరుచేసి చూపగలవారు లేరు. చేలు తడిసినచో చాలును. యజమాని ధనమును, పనివాని చెమటయు అట్లు కలిసి పారుటకు నడుమ తలుపు ఎత్తవలసినవారు యజమానులే. ఏలయన, తలుపు చక్రము వారి చేతిలో నున్నది. దక్షిణ ముట్టిన ఋత్విక్కు సంతసించి లేచిననాడే యజ్ఞము పూర్తియగును. అంతవరకు మనము యజమానులమని చెప్పుకొనుట తొందరపాటు.